గోడవతల పిండిమర

మొదటిసారి నాకు వినబడలేదు.
వినబడిందని తలూపాను.

గ్రిమ్స్‌బీ ఆసుపత్రి, రెండో అంతస్తు.
రేవు మీంచి గాలి ఇటు తిరిగిన రోజు
కిటికీలు మూసినా చేపల వాసన ఆగదు.
మంచమ్మీద డోరీన్ ఆస్క్యూ.
ముప్పైయొక్క ఏళ్ళు కాడ్ చేపల ముళ్ళు తీసిన వేళ్ళతో
గౌను ముడి తానే విప్పుకుని
"చేతులు వెచ్చజేసుకున్నావా తల్లీ?" అంది.

చుట్టూ ఐదుగురం.
పెద్ద డాక్టరు గడియారం చూసుకుంటున్నాడు.
అందరూ తలూపారు, నేనూ ఊపాను.
అబద్ధానికి నోరే అక్కర్లేదు.

సాయంత్రం ఒక్కదాన్నే వెళ్ళి చెప్పేశాను.
ఆవిడ నవ్వలేదు.
టీ కప్పు పక్కన పెట్టి ఎడమవైపు ఒత్తిగిల్లింది.
"బెల్ వైపు తిప్పు. నొక్కకు, నొక్కితే పారిపోతుంది.
పిట్టపిల్ల మీద చెయ్యి వేసినట్టు వెయ్యి.
నేను ఊపిరి వదిలి ఆపుతాను.
ఎక్కువసేపు ఆపలేను, త్వరగా విను."

ముందు, ఎవరో తలుపు ధడాలున వేసినట్టు ఒకటో చప్పుడు.
తర్వాత రెండోది, మామూలుగానే.
దాని మడమ తొక్కుతూ చిన్న 'టక్',
మా చీరాలలో నాడె పోయి పెట్టె అంచుకి తగిలినట్టు.
ఆ తర్వాత,
ఏమీ ఉండకూడని చోట,
గోడవతల పిండిమర.

చప్పుడు కాదది, చప్పుడు అడుగున మడ్డి.
చెవి కంటే ముందు వేలికి తెలిసేది.
ఇరుకు సందులో నెత్తురు ఒకరినొకరు తోసుకుంటూ
చివర్లో కాస్త హెచ్చి,
మళ్ళీ తలుపు ధడాలున.

"విన్నావు" అంది, నేను చెప్పకముందే.
"ఎలా తెలుసు?"
"నటించేవాళ్ళు కళ్ళు మూసుకుంటారు.
విన్నవాళ్ళు నాతోపాటు ఊపిరి బిగబడతారు.
నువ్వు ఇంకా వదల్లేదు, వదులు."

ఎనిమిదో ఏట గొంతు నొప్పి, వెనకే మోకాళ్ళ వాపు.
ఆరు వారాలు వాళ్ళమ్మ మంచం దిగనివ్వలేదట.
కిటికీలోంచి పడవలు లెక్కపెట్టిందట,
వెళ్ళినవీ వచ్చినవీ వేరువేరుగా.
లెక్క ఎప్పుడూ సరిపోలేదంది.

ఏటా పరీక్షలకి ఆవిణ్ణి పిలిచేవారు.
బస్సు చార్జీ, ఒక శాండ్‌విచ్,
రోజుకి పదిమంది చల్లటి చేతులు.
ఎవరు గట్టెక్కుతారో పరీక్షకుల కంటే ముందు తనకే తెలిసేదట.
చెప్పకూడదు గనక
పైకప్పు చూస్తూ పడుకునేదట.

మా భాషలో గుండె చేయని పని లేదు.
జారుతుంది, చెరువవుతుంది,
రాయి పడితే మోస్తుంది.
గుబగుబ, దడదడ, ఝల్లు, కలుక్కు...
ఇన్ని మూటగట్టుకుని ఇంత దూరం వచ్చాను,
ఒక్కటీ సిలబస్‌లో లేదు.

ఆ ఫిబ్రవరి, మెట్లెక్కలేక
కవాటం మార్పించుకుంది. లోహం.
పక్కన కూర్చుంటే చాలు, గొట్టాలక్కర్లేదు:
టిక్కు. టిక్కు.
రెండ్రోజులు పిల్లి ఆవిడ ఒళ్ళోకి రాలేదట.
"పరీక్షకి పిలవడం మానేశారు" అంది.
"మంచి రోగం, పోగొట్టుకున్నాను."
అవసరం లేకపోయినా స్టెతస్కోపు పెట్టాను.
మర ఆగిపోయింది.
కరెంటు పోయిన వీధిలా ఉంది లోపల.
సంతోషించాల్సిన నిశ్శబ్దం.
సంతోషించాను, కాస్త ఆలస్యంగా.

ఇవాళ నా చుట్టూ ఐదుగురు.
వేరే మంచం, వేరే గుండె.
నలుగురు తలూపారు.
ఐదో కుర్రాడు ఐడన్, చెవులు ఎర్రబడి,
"నాకేం వినబళ్ళేదు" అన్నాడు.

మిగతావాళ్ళు నేల చూపులు చూశారు.
నేను గడియారం చూడలేదు.
"సాయంత్రం రా" అన్నాను.
"చేతులు వెచ్చజేసుకుని రా."