వగరు

ఎతాజిమా దీవి. జనవరి. తెల్లవారుజాము నాలుగున్నర.
రేకుల షెడ్డులో పదకొండుమంది ఆడవాళ్ళు
ఆల్చిప్పల గుట్ట ముందు కూచుని
కత్తిమొనతో ఒక్కో తలుపూ తీస్తున్నారు.
పన్నెండో పీట ఖాళీ.
అది మిసావోది.

పోయిన చలికాలం ఇక్కణ్ణుంచి వెళ్ళిన డబ్బా ఒకటి
కురేలో ఎవరి పదవీవిరమణ విందునో
రాత్రంతా వాంతుల్లో ముంచింది.
ఎవరూ పోలేదు.
షెడ్డుకి పద్నాలుగు రోజులు తాళం.
ఏ నీటి నుంచో ఏ చేతి నుంచో తేలనేలేదు.
తేలలేదు గనకే
తన చేతులే అనుకుంది మిసావో.

ఇక్కడి భాషలో
ఆల్చిప్పా కకి, పెర్సిమన్ పండూ కకి.
మొదటి అక్షరం ఎత్తి పలికితే చిప్ప,
దించి పలికితే పండు.
ఆమె తాత వలలకి పట్టించేవాడు ఆ పండు రసం,
పచ్చికాయలప్పుడే దంచి, పులియబెట్టి,
జాడీలో ఏళ్ళు మగ్గించి.
మూత తీస్తే పిల్లి కూడా పారిపోతుంది.
చుక్క నాలికకి తగిలిందా,
నోరు పిడికిలైపోతుంది.

ఒక సీసా అంగీలో చుట్టుకుని పడవెక్కింది.
హిరోషిమా ప్రయోగశాలలో చిగుసా బల్ల మీద పెట్టి
"వలనే కుళ్ళనివ్వనిది
మనిషిని కుళ్ళనిస్తుందా, చూడు" అంది.

చిగుసా నవ్వలేదు. ముక్కు మూసుకుంది, అంతే.
మనుషుల నోరోవైరస్ పళ్ళెంలో ఓ పట్టాన పెరగదు,
దాని చుట్టాన్ని, ఎలుకలదాన్ని, తెచ్చింది.
ఊదారంగు కణాల దుప్పటి మీద
అది కొరికినచోటల్లా తెల్లటి చిల్లు.
రసం తగలని పళ్ళెం జల్లెడ.
తగిలిన పళ్ళెంలో
రెండు.
దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ లెక్కపెట్టింది.
రెండే.

వగరు పనే అది:
మాంసకృత్తు కనబడితే ముడేసుకుంటుంది.
మన నాలికైనా, దాని తొడుగైనా
ఒకటే పట్టు.

"మరి చిప్ప లోపల?"

పేగులో నక్కినదాన్ని రసం చేరలేదు.
మూడుసార్లు చేసింది చిగుసా.
మూడుసార్లూ చేరలేదు.
"చేతులకీ కత్తికీ బల్లకీ పనికొస్తుందేమో,
అదీ ఇంకా చూడాలి.
లోపలిదానికి మాత్రం పొయ్యే దిక్కు."

మిసావో అందులోంచి
"చేతులకి" అన్న మాటొక్కటే
మూటకట్టుకుని తిరుగు పడవెక్కింది.

మర్నాడు పన్నెండో పీట పక్కన ఒక తొట్టి.
మామూలు సబ్బుతో కడిగాక
మణికట్ల దాకా ముంచి తీసింది,
తాత వలల రంగు.
పక్కనున్న నత్సుయో మూతి తిప్పుకుని
పీట జానెడు అవతలికి జరిపింది.
కాసేపు చిప్పలు తీసింది.
ఏమనుకుందో,
తొట్టిని కాలితో ఇటు లాక్కుంది.