పసుపు డబ్బా

ఇరవై ఆరేళ్ళుగా ఈ సరస్సు మీద తిరుగుతున్నాను.
ఒక్కరోజైనా దాని లోపలికి వెళ్ళలేదు.
నవ్వకండి. బుకాసా దీవిలో ఎవర్నైనా అడగండి,
వలలు విసిరే మగాళ్ళలో సగం మంది
మోకాలు దాటి తడవనివాళ్ళే.
"ఈత నేర్చినవాణ్ణి నాలుబాలె గుర్తుపెట్టుకుంటుంది"
అనేవాడు మా పడవ పెద్ద ముత్యాబా.
సరస్సంటే గౌరవం అనుకున్నాం.
భయానికి తొడిగిన చొక్కా అది.

టీచరు పేరు నబుకేరా. పందొమ్మిదేళ్ళు.
మా కవలల కంటే రెండేళ్ళు పెద్ద, అంతే.
ముక్కులోకి పోయిన నీళ్ళు చీదుకుంటూ
ఎర్రబడ్డ కళ్ళతో నేను నిలబడితే
నడుం మీద చెయ్యేసుకుని అంటుంది కదా:
"సలొంగో, నీళ్ళని కొట్టకు.
అవి నీకేం బాకీ లేవు."

మొదటి పాఠం ఊదడం.
కళ్ళదాకా ముంచి ముక్కుతో బుడగలు వదలాలి,
వేడి టీ ముందు కూర్చున్నవాడిలా, తొందర లేకుండా.
మూడు రోజులు అదే పని.
చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళు
ఇసుక మీద పని ఆపి చూశారు.
మా ఆవిడా చూసింది. ముందు నవ్వింది ఆవిడే.

తర్వాత డబ్బా.
వంటనూనె వచ్చే ఇరవై లీటర్ల పసుపు డబ్బా,
మూత బిగించి, రొమ్ముకి హత్తుకుని, కాళ్ళాడించాలి.
"మోకాళ్ళు కాదు, తొడల్నించి!
సైకిలు తొక్కుతున్నావా, ఏ ఊరికి?"
డబ్బా ఒక పక్కకి, నేనొక పక్కకి.
పిల్లలు మమ్మల్ని దాటి పోతారు, బాతుల్లా,
తిరిగొచ్చి మళ్ళీ దాటి పోతారు.

నా గొడవంతా మెడతోనే.
వెల్లకిలా పడుకోమంటే అది లేస్తుంది,
అది లేస్తే నడుం దిగిపోతుంది.
"ఇంటికప్పు కారుతుందేమోనని చూసినట్టు
ఎందుకలా తల ఎత్తుతావు?
చెవులు మునగనీ. చెవులు మునిగితే చావవు."
చెవులు మునిగాయి.
నా గుండె చప్పుడు నాకే వినపడింది,
దూరంగా పోతున్న మోటారు పడవలా.
ఆకాశం, కొంగ ఒకటి, ఇంకేం లేదు.
ఎంతసేపో తెలీదు. దిగేసరికి అరచేతులు ముడతలు పడున్నాయి.

నిన్న మాత్రం నీళ్ళలోకి దిగనివ్వలేదు.
ఒడ్డున కూర్చోబెట్టి చెప్పింది:
"మునిగేవాడి దగ్గరికి చేతులతో వెళ్ళకు.
వాడు నిన్ను మెట్టు అనుకుంటాడు.
తేలేది ఏదైనా ముందు విసురు.
ఖాళీ డబ్బా చాలు."

ఖాళీ డబ్బా చాలు.

నాలుగేళ్ళ కింద, చందమామ లేని రాత్రి,
ముకెనె చేపలకి దీపాలు వెలిగించాం.
గాలి తిరిగింది. సెంపాలా జారాడు.
ఇరవై బారలుంటుందేమో మా ఇద్దరి మధ్య.
తాడు విసిరాను, అందలేదు.
మళ్ళీ విసిరాను. తర్వాత కేకలు విసిరాను.
పెట్రోలు అయిపోయిన డబ్బా ఒకటి పడవలో ఉంది.
మూత కూడా ఉంది.
దాని మీదే కూర్చుని అరిచాను.

టీచరుకి ఇదేం చెప్పలేదు.
ముక్కు చీదాను. అలవాటే కదా అనుకుని ఉంటుంది.

సాయంత్రం ఆమెను పక్క దీవిలో దింపాలి.
పడవ కదలగానే పిల్ల రంగు మారిపోయింది,
రెండు చేతులా అంచు పట్టుకుంది, కళ్ళు గట్టిగా మూసింది.
"నీళ్ళలో అయితే ఫరవాలేదు" అంది పళ్ళ మధ్యనించి,
"నీళ్ళ పైన ఉండటమే నా వల్ల కాదు."
నాకు నవ్వు రాలేదు. వచ్చుంటే బాగుండేది.
"మెడ వదులు చెయ్యి" అన్నాను,
"నెమ్మదిగా ఊదు. పడవ నీకేం బాకీ లేదు."

ఒక కన్ను తెరిచి చూసింది.
కాళ్ళ దగ్గరున్న డబ్బా తీసి ఒళ్ళో పెట్టాను.
దాని పిడికి కొత్త తాడు కట్టి ఉంది,
ముప్ఫై బారలు.
దేనికని అడగలేదామె.
గట్టిగా హత్తుకుంది.