పన్నెండు నుంచి తొమ్మిదిన్నర

వేట నిషేధం మొదలై పదిహేడో తెల్లవారు.
పెదజాలరిపేట ఒడ్డున తెప్పలన్నీ బోర్లా పడుకున్నాయి.
మొన్ననే మూఢం విడిచిన గురుడు
నీటిగీత మీద జానెడెత్తున, నిద్ర తీరని మొహంతో.

నేను పోర్టులో పాటుపోట్ల పట్టిక రాసే గుమాస్తాని.
రేపు సముద్రం ఎంత లేస్తుందో
ఇవాళే సంతకం పెట్టి ఇస్తాను.
అందుకే కాబోలు, రెండువేల ఏళ్ల అవతలి
బాబిలోను గుమాస్తా ఒకడు
నాకు వరసకి అన్నయ్య అనిపిస్తాడు.
పేరు తెలీదు. మిగిలింది అరచేతిలో పట్టే మట్టిపలక,
రెల్లుమొనతో నొక్కిన అంకెలు.
మన ఘడియల్లా, విఘడియల్లా, ప్రభవాది ఏళ్లలా
అన్నీ అరవైల్లోనే.

తడి ఇసకలో పుల్లతో గీస్తున్నాను:
ఎడమ గోడ పన్నెండు, కుడి గోడ తొమ్మిదిన్నర,
నేల అరవై రోజులు, పైకప్పు ఏటవాలు.
కనబడ్డ రోజు గురుడి నడక
డిగ్రీలో అరవయ్యో వంతులు పన్నెండు.
అరవయ్యో రోజుకి తొమ్మిదిన్నర.
రెండూ కలుపు, సగం చెయ్యి, అరవైతో గుణించు.
పది డిగ్రీలు, పైన నలభై అయిదు వంతులు.
గోడల మధ్య జాగాయే చుక్క నడిచిన దూరం.
అన్నయ్య బొమ్మ మాత్రం గీయలేదు.
పొలం కొలిచే లెక్కతో ఆకాశాన్ని కొలిచి
చేతికంటిన మట్టి కడుక్కుని ఉంటాడు.

మైలపల్లి పోలమ్మ ఖాళీ గంప తిరగేసి కూచుంది.
"ఏటి గుమాస్తాబాబూ, ఇల్లు కడతన్నావా?"
చెప్పాను.
"ఓస్, ఇదా!
నిషేదం తొలినాడు పన్నెండు పిడికిళ్లు ఎసట్లో పోత్తాను.
రోజుకింత తగ్గించుకుంటా ఆకర్నాటికి తొమ్మిదిన్నర.
సగంచేసి అరవై పెట్టి కొట్టు,
ఎన్ని బియ్యం అప్పెట్టాలో తేలిపోద్ది.
కానైతే నీ గీత మరీ తిన్నగుంది.
నడుమ అల్లుడొత్తాడు. కుర్రోడికి జొరమొత్తాది."

గురుడి నడకా అంత తిన్నన కాదు.
అన్నయ్యకి ఆ సంగతి తెలుసనే నా అనుమానం.
పట్టిక రాసేవాడు ఎక్కడో ఒకచోట
ఇక చాలనుకోవాలి.

"మరి పై అరవై రోజులకీ?" అంది.
నోరు రాలేదు.
పలకమీద ఉంది: తొమ్మిదిన్నర నుంచి ఒకటిన్నరకి.
ఆ తరవాత చుక్క నిలబడిపోతుంది.

పుల్ల లాక్కుని
నా పైకప్పుమీద ఒక గూని పెట్టింది, అల్లుడి కోసం.
కుడిగోడ చెరిపి
బెత్తెడు అవతల మళ్లీ గీసింది.
"అరవై కాదు బాబూ, అరవయ్యొకటి.
మీవోడెవడో ఒకరోజు మాకు పస్తెట్టేడు."