ఎనిమిది మిల్లీమీటర్లు

ఆరిలోవలో టీ కొట్టుకీ పాత ఇనుము కొట్టుకీ మధ్య
నూకరత్నం షెడ్డు.
బోర్డు మీద ఇప్పటికీ వాళ్ల నాన్న పేరే,
ఏటా రంగు మాత్రం తనే వేస్తుంది.

"ముందు చక్రం మాట వినడం లేదు" అన్నాను.
ఒకసారి తొక్కి వచ్చి, స్టాండేసి,
"ఇంటంది గానీ, ఆలోసించుకుని ఇంటంది" అంది.

నిజమే.
ముడసర్లోవ దగ్గర రోడ్డు కొండవైపు తిరిగేచోట
హ్యాండిల్ నెట్టిన ప్రతిసారీ
పంచాయితీలో పెద్దమనిషిలా
బండి గొంతు సవరించుకుని
అప్పుడు ఒరుగుతుంది.
రెండేళ్ల కిందటైతే ఆ ఆలస్యాన్ని
భుజంతో కొనేసేవాణ్ణి.
ఇప్పుడు ఎడమ భుజంలో ఒక స్టీలు పట్టీ, ఆరు స్క్రూలు.
తెల్లారగట్ల హార్బర్లో ఐసు దిమ్మల లెక్క రాయడానికి పోతుంటే
చలిగాలికి ఆ ఆరూ
ఒక్కొక్కటే హాజరు పలుకుతాయి.

ఆమె నా భుజం వంక చూడలేదు.
బండి భుజాల వంక చూసింది.
ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టింది,
పై బోల్టులు వదులు చేసింది, తర్వాత కిందవి,
ఫోర్కు గొట్టాల్ని పిడికిట పట్టి మెల్లగా పైకి జరిపింది.
బండి ముక్కు దిగింది,
బల్లమీద పుస్తకం చదవబోయే పిల్లలా.

"ఎంత?"
"ఎనిమిది మిల్లీమీటర్లు. బియ్యపు గింజకి ఓ పిసరు ఎక్కువ."
అంచు విరిగిన స్కూలు స్కేలుతో
కుడివైపు కొలిచింది, ఎడమవైపు కొలిచింది,
మళ్లీ కుడివైపు.
"రెండూ ఒక్కలా లేకపోతే
బండి జన్మంతా ఓరగా సూస్తాది."

అప్పుడు చూశాను:
క్లాంపుల పైన కొత్తగా తేలిన ఆ కాస్త గొట్టం
తళతళలాడుతోంది.
కింద ఉన్నదంతా ఉప్పుగాలికి మచ్చలు పడింది గానీ
ఇది పన్నెండేళ్లు పట్టులో దాక్కుని
ఈ ఊళ్లోనే ఉండి
సముద్రాన్ని ఎరగని ఇనుము.

ఆ సాయంత్రం ముడసర్లోవ మలుపులో
నేను అడిగానో లేదో, బండి ఒరిగేసింది.
నవ్వొచ్చింది హెల్మెట్లో.
వెనక్కి తిప్పి మళ్లీ వెళ్లాను, మళ్లీ,
మేకలు తోలుకుపోతున్న ముసలాయన
నాకేదో పోయిందనుకుని తనూ రోడ్డు వెతికాడు.

కానీ ఎండాడ వైపు హైవే తిన్నగా సాగాక
ఎనభై దాటితే హ్యాండిల్ వణికింది.
పక్కనుంచి కంటైనర్ లారీ పోయింది,
దాని గాలికి ముందు చక్రం
అవునంది, కాదంది, అవునంది.
స్క్రూలు ఆరూ ఒకేసారి లేచాయి.
లారీల వెనక లారీలు పోనిచ్చి
రోడ్డు పక్కన ఇంజను ఆపి కూచున్నాను.
పడిన రోజు కూడా ఇలాంటి గాలే.

మర్నాడు చెప్తే రత్నం ఆశ్చర్యపోలేదు.
"తొందరగా తిరిగేది తొందరగా తడబడద్దేటి మరి?
మలుపులెన్ని నీ దారిలో, తిన్నది ఎంత?"
లెక్క చెప్పాను. ఐసు లెక్కల మనిషిని కదా.
మూడు మిల్లీమీటర్లు వెనక్కి దించింది.
తళతళలో మూడు వంతులు కాదు గానీ
కొంత మళ్లీ చీకట్లోకి పోయింది.
బోల్టులు బిగిస్తూ, చివరి పావు చుట్టు దగ్గర
ఊపిరి బిగబట్టింది, నేనూ బిగబట్టాను.
రెండొందలంది. నూటయాభై తీసుకుంది,
మిగతాదానికి ఆదివారం ఓ పెట్టె ఐసు,
వాళ్లింట్లో ఏదో భోజనాలట.

ఇప్పుడు మలుపు దగ్గర బండి గొంతు సవరించుకుంటుంది,
చిన్నగా, ఇంట్లో మనిషిలా.
హైవే మీద లారీ దాటితే ఒక్కసారి ఉలిక్కిపడి సర్దుకుంటుంది.
భుజంలో నాలుగు నిద్రపోతాయి, రెండు పలుకుతాయి.

ఆ మిగిలిన అయిదు మిల్లీమీటర్లకి
వారానికోసారి వేలితో గ్రీజు రాస్తున్నాను.
తుప్పు వస్తుంది, తెలుసు, ఈ ఊరి గాలి అది.
ఈ వానాకాలం దాకా ఆపుదామని.