ఎత్తు: మీటరున్నర

నార్విక్ నుంచి స్టాక్‌హోమ్‌కి రాత్రి రైలు.
ఆరో నంబరు స్లీపర్ పెట్టె నాది.
నాదంటే,
దుప్పట్లు పంచేదాన్ని, కాఫీ కాచేదాన్ని,
పక్కవాడి గురక మీద ఫిర్యాదులు వినేదాన్ని
పదిహేడేళ్ళుగా.

అబిస్కోలో ఎక్కాడాయన.
సిగ్‌వార్డ్ హెడ్‌మన్, కింది బెర్తు.
టికెట్ల కట్ట విప్పితే చివరి ఊరు ల్యూబ్లియానా.
మూడు రాత్రులు, ఐదు రైళ్ళు.
"పాత కో-పైలట్ పెళ్ళి," అన్నాడు.
"వాడికి అరవై ఎనిమిది. ఇంక ఆలస్యం చెయ్యలేనన్నాడు."

కిరునా దాటాక బండి ఆగిపోయింది.
పట్టాల మీద రెయిన్‌డీర్ మంద,
మంచు లేని నేల అదొక్కటే దొరికినట్టు
తీరిగ్గా నిలబడి ఉంది.
డ్రైవర్ హారన్ కొట్టాడు. ఒకటి తలెత్తి చూసి
మళ్ళీ దించుకుంది.

నలభై నిమిషాలు. తిట్లన్నీ నాకే.
ఆ విసుగులో ఆయనతో అనేశాను:
"విమానమైతే ఈపాటికి పెళ్ళివారింట భోంచేస్తుండేవారు."
ఆయన నవ్వి, సంచిలోంచి
అంచులరిగిన నల్ల పుస్తకం తీశాడు.
లాగ్‌బుక్.
ఇరవై వేల గంటలు, నీలి సిరా, వంకరలేని గీతలు.
ఎత్తు: ముప్పై ఆరు వేల అడుగులు.
ఎత్తు: ముప్పై నాలుగు వేలు.
పేజీల కొద్దీ ఆకాశం.

చివర్లో రాత మారింది, చెయ్యి వణికినట్టుంది.
రైలు. ఎత్తు: మీటరున్నర.
వాతావరణం: మంచు.
నా ఎదురుగానే ఇంకో మాట చేర్చాడు.
ఆలస్యం: రెయిన్‌డీర్లు. సంతోషం.

"గంటకెంత తాగేది మీ విమానం?" అడిగాను.
"రెండున్నర టన్నులకి కాస్త తక్కువ. కిరోసిన్."

కిరోసిన్!
ఆ మాటకి మా అమ్మమ్మ ఇల్లు గుప్పుమంది.
పాయలాలో పొద్దు పొడవని నెలలు,
లాంతరు గాజుకి పట్టిన మసి,
పాత మేజోడుతో తుడిచే ఆమె వేళ్ళు.
రాత్రికి పావు లీటరు.
ఒత్తి పెంచితే చేతి మీద ఒకటేసేది.

రుమాలు మీద లెక్క వేశామిద్దరం.
ఆయన టన్నుల్ని లీటర్లు చేశాడు,
నేను లీటర్లని రాత్రులు చేశాను.
ఒక గంట ఎగిరితే
అమ్మమ్మవి అరవై చలికాలాలు.
ఆమె బతికిందే అరవై తొమ్మిదేళ్ళు.

"నూట యాభై మంది పంచుకుంటారుగా," అన్నాను,
ఎందుకో ఆయన తరఫున నేనే వాదిస్తూ.
"అవును. పంచుకుంటే అందరికీ కొంచెమే.
అందుకే ఎవరిదీ కాదనిపిస్తుంది."

కాసేపు కిటికీలోకి చూశాడు.
"సాధువునేం కాను. ఇప్పటికీ ఆదివారాలు
విమానాశ్రయం కంచె దగ్గర నిలబడతా.
మబ్బుల మీద పొద్దు పొడవడం చూసినవాడికి
కింద నిలబడటం అంత తేలిక కాదు.
సిగరెట్టు మానేసినవాడు
ఎవరిదో పొగ పీల్చుకున్నట్టు అనుకో."

మంద కదిలింది. బండి కదిలింది.

ఆయనకి చెప్పనిదొకటుంది.
ఫిబ్రవరిలో లాస్ పాల్మాస్‌కి
నాకూ చెల్లికీ టికెట్లు. డబ్బు కట్టేశాం.
రెండు నెలలు ఎండ మొహం చూడని ఒళ్ళు మాది,
ఎవరైనా తప్పు పడతారా?
ఆయన దుప్పటి కప్పుకున్నాక
అదే రుమాలు తిప్పి వెనక వైపు రాశాను.
పోను ఆరు గంటలు, రాను ఆరు.
నా వాటా
ఐదు చలికాలాలకి కొంచెం తక్కువ.

పొద్దున ఆయన దిగిపోయాడు,
మాల్మో బండి తప్పిపోయిందని తెలిసీ
ప్లాట్‌ఫాం మీద బన్ను కొనుక్కుంటూ.

చెల్లికి ఫోన్ చేశాను.
"ఐలా, రైల్లో నాలుగు రోజులు పోతే
ఎండ ఎక్కడ తగులుతుందంటావ్?"
అటు నుంచి ఒకటే నవ్వు.
"ఏడాదంతా రైల్లోనే ఉంటావు కదే,
మొహం మొత్తలేదా?"

మొత్తింది, నిజమే.
కానీ ఆ పదిహేడేళ్ళూ
నేను పడుకోమని పక్కలు వేశానే గానీ
ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.