పాలగుంట హాల్ట్

స్టేషన్ అనకండి బాబూ, స్టేషన్‌కి మాస్టరుంటాడు.
ఇక్కడున్నదల్లా నేనూ, ఓ రేకుల గదీ,
అరచెయ్యి పట్టేంత కిటికీ.
గుంటూరు నుంచి బెజవాడ పోయే దారిలో
రైలు ఒక్క నిమిషం దమ్ము తీసుకునే చోటు.

బొగ్గింజన్ల నాడు
మా మావ దేవసహాయం లాంతరు పట్టుకుని
నిలబడితేనే బండి ఆగేదంట.
గాలివానకి లాంతరు ఆరిపోయిన రాత్రి
కట్టుకున్న పంచె విప్పి ఊపాడంట.
ఆ కథ చెప్పి చెప్పి ఓ గార్డు రిటైరైపోయాడు.

ఆరూ ఇరవైకి మొదటి పాసింజరు.
మల్లెమొగ్గల గంపలు, పాల క్యాన్లు,
మంగళగిరి మగ్గాలకి పోయే నూలు మూటలు,
పట్టాల మీదే పాఠం అప్పజెప్పుకునే పాలిటెక్నిక్ పిల్లలు.
ఎనిమిదిన్నరకి ఇంకోటి.
ఆ తర్వాత పొద్దు వాలేదాకా
నేనూ, కాకులూ,
ఆగకుండా పోయే ఎక్స్‌ప్రెస్సులూ.
అవి పోతుంటే చిల్లర డబ్బా దానంతటదే మాట్లాడుద్ది.

సౌకర్యాలా?
కుళాయి ఉంది, నీళ్లు బుధవారం వస్తయ్.
బెంచీ ఉంది, నాలుగో కాలు ఇటికరాయి.
బోర్డు మీద ఊరి పేరు మూడు భాషల్లో ఉంది,
ఒక్కో భాషలో ఒక్కో అక్షరం రాలిపోయింది,
మూడూ కలుపుకుని చదువుకోవాలి.

పోయినేడు గళ్ల చొక్కా ఆఫీసరొచ్చి
పుస్తకం తిరగేశాడు.
"ఇంతకంటే తగ్గితే బండి ఆపరమ్మా"
అన్నాడు, నాతో కాదు,
గోడ మీది బల్లితో అన్నట్టు.

ఆ రోజు నుంచి
లెక్క తక్కువైనప్పుడల్లా
నా కమీషన్‌లోంచి బెజవాడకి రెండు టికెట్లు నేనే కొంటన్నా.
ఒకటి నాకు.
ఒకటి మావకి. పోయి పదకొండేళ్లయింది గానీ
లైన్లో ఆయన పేరు తీసెయ్యబుద్ధి కాలేదు.
బిస్కెట్ల డబ్బా నిండా ఎక్కని రైళ్లే.
మా ఆయన చూస్తే తిడతాడు,
బియ్యం డబ్బా వెనకాల పెట్టా.

నిజంగా బెజవాడ చూసి ఎన్నేళ్లో.
బ్యారేజీ మీద గాలి అట్టాగే కొడతందా?
నేను ఎక్కితే
ఈ కిటికీలో టికెట్ ఎవరిస్తారు?

అదుగో, తుమ్మల మలుపులో హారన్.
సింగిలా, రిటనా?
త్వరగా చెప్పండి.
చిల్లరుంటే ఇవ్వండి, లేకపోతే
రేపు ఇద్దురుగానీ.
రేపు కూడా ఆగుద్ది.