ఎడమ చెయ్యి

కాయితం రాసుకున్నారు, రెవెన్యూ స్టాంపు అంటించి:
చెక్క పనసది, పగులు లేనిది.
నీలం బజారుది కాదు, మంచిది.
మరియమాత మొహం, బాలుడి మొహం, నాలుగు చేతులూ
ఒజ్జ స్వయంగా వెయ్యాలి.
మిగతాది పనివాళ్ళు వేసుకోవచ్చు.

ఆ మిగతాది మేమే.

ఢిల్లేసు చిత్రిక పట్టాడు.
కవిటి తోటలో తుపానుకి ఒరిగిన పనస,
మూడు నెలలు నీడన ఎండినా
గీరితే ఇంకా పండు వాసనేసేది.
గున్నయ్య చింతపిక్కల జిగురు ఉడికించి
వాళ్ళమ్మ పాత నేతచీర చింపి అతికించాడు.
దేవుడి తల్లి కింద గున్నయ్య తల్లి ఉంది,
ఆ సంగతి ఫాదర్ గారికి చెప్పలేదు.
నేను సుద్ద పూశాను. ఎనిమిది పూతలు,
పూతపూతకీ సముద్రపు గవ్వతో రుద్దడం.
"రంగు నిలబడాలంటే సెక్క దాన్ని తాగాల, గుంటా.
ఇది సాలదు, ఇంకా రుద్దు" అనేవాడు ఒజ్జ.
ఇచ్ఛాపురం మనిషి, దండాసి మహాపాత్రో.
కోపం ఒడియాలో, జాలి తెలుగులో.

మా ఉద్దానంలో మంచీచెడ్డా అడగరు,
"క్రియాటినిన్ ఎంతొచ్చింది" అంటారు.
నాలుగు పాయింట్ రెండు అన్నప్పుడు ఆ తల్లి కళ్ళు వేశాడు.
ఆరు అన్నప్పుడు పెదవులు.
తరవాత వారానికి రెండ్రోజులు సోంపేట ఆసుపత్రి,
ఎడమ చేతికి రెండు సూదులు.
మణికట్టు మీద నరం ఉబ్బి
తాకితే లోపల తుమ్మెదున్నట్టు జుమ్మనేది.
రోజుకి అరలీటరు నీళ్ళే తాగాలన్నారు.
కుంచె కడిగే చెంబుకి లెక్క లేదు.
వైశాఖం మధ్యాహ్నాలు
నీలం కలిసిన ఆ నీళ్ళ వైపే చూసేవాడు.
నేను చెంబు జరిపేసేదాన్ని.

దేవదూతల రెక్కలు గున్నయ్యవి.
గొర్రెపిల్ల ఢిల్లేసుది, అందుకే కాస్త మేకలా ఉంటుంది.
శాలువా మడతలు నావి, పదిహేడు.
మా అమ్మ జీడిపిక్కల బట్టీ నుంచి వచ్చి
తువ్వాలు దులిపి భుజాన వేసుకోవడం చూసి నేర్చినవి.

ఆఖరికి బాలుడి ఎడమ చెయ్యి మిగిలింది.
రెండు నెలలు ఉత్త సుద్దగానే ఉంది.
ఫాదర్ గారు రెండుసార్లు వచ్చి, టీ తాగి,
ఏమీ అడక్కుండా వెళ్ళారు.
"నీకొచ్చు గదే, నువ్వేసీ" అన్నాడు గున్నయ్య.
కుంచె పట్టుకున్నాను కూడా.
కాయితంలో నాలుగు చేతులని ఉంది.

ఓ మంగళవారం ఆసుపత్రి నుంచి ఆటోలో నేరుగా షెడ్డుకొచ్చాడు.
పట్టీ ఊడదీసి
తన ఎడమ చెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని
దాన్నే చూస్తూ కుడిచేత్తో వేశాడు.
మమ్మల్ని బయటికి పొమ్మనలేదు.
దీపాలు పెట్టే వేళకి అయింది.
"బంగారం నువ్వు పెట్టీ" అన్నాడు నాతో,
తెలుగులోనే.

ఆ రోజు అంకె చెక్క వెనక పెన్సిలుతో రాసుంది,
గోడకి ఆనించిన వైపు. ఆ కింద ఇంక అంకెల్లేవు.

పదకొండేళ్ళకి విశాఖపట్నం నుంచి ఒకాయన వచ్చాడు,
టార్చిలైటు, భూతద్దం, రిజిస్టరు.
"మొహాలు గురువుగారివి, గీతలో తొణుకు లేదు చూడండి.
ఈ శాలువా కూడా ఆయనదే, సందేహం లేదు."
ఊరుకున్నాను.
"ఈ చెయ్యి మాత్రం...
పసిబిడ్డకి మణికట్టు దగ్గర ఈ వాపేమిటి?
నరం ఇలా లేస్తుందా? ఎవరో నేర్చుకుంటున్నవాళ్ళ పని."
ఎవరిదో తెలుసా అని కలం తీశాడు.

నాదేనండీ, అన్నాను.
"దమయంతి, ఎడమ చెయ్యి" అని రాసుకున్నాడు,
కింద గీత కూడా గీశాడు.

ఆ పటం పక్కపీఠం మీద, చేతికందే ఎత్తులో ఉంటుంది.
పూజయ్యాక అందరూ తల్లి పాదాలు తాకి వెళతారు.
కొందరు మాత్రం, పొడుగు చేతుల చొక్కాలవాళ్ళు,
ఆ మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి
ఏటో వింటున్నట్టు కాసేపు నిలబడతారు.
వార్నిష్ అక్కడే అరిగిపోయింది.
మళ్ళీ పుయ్యమంటున్నారు ఫాదర్ గారు.
ఇంకా పుయ్యలేదు.